నల్ల ఫినాయిల్ నీళ్లు

మొన్న ఇబ్రహీంపట్నంల ఒక దవాఖాన వరండా తుడుస్తుంటే నల్ల ఫినాయిల్ వాసన గుప్పున కొట్టింది. నా పక్కన కూర్చున్న అమ్మ లేచి బయటికి పోయింది. మల్లెపూలు, తొలకరి మట్టి అని రాసుకునేవాళ్లు రాసుకోనీ, నా చిన్నతనం మాత్రం పచ్చిగడ్డి, పాల నురగ, పేడ, వాటన్నిటి మీద ఫినాయిల్ వాసన.

గాలికుంటు రోగం వచ్చిన ఏడాది ఊళ్లె బర్రెలన్నీ నోట్ల పుండ్లతోని చొంగ కార్చుకుంట, గిట్టలు పగిలి కుంటుకుంట తిరిగినయ్, పాలు తాగే దూడలైతే నిలబడ్డకాడనే కూలినయ్. అమ్మ మా కొట్టం ముంగట గోనెసంచి పరిచి, నల్ల ఫినాయిల్ కలిపితే పాల లెక్క తెల్లగయ్యే నీళ్లు పోసి, వచ్చినోళ్లందరి కాళ్లు అందుల తడిపిచ్చేది. మేము చిర్రగోనె ఆడి ఆకలితోని ఉరికొచ్చినా సరే, కాళ్లు తడిపినంకనే మక్క గటక. బతుకమ్మకు నువ్వుల సద్ది కట్టుకొని వచ్చిన మా మేనత్తను గూడ వదల్లే.

“నేనేమన్న బర్రెనా వదినె?”

“బర్రెకైతే చెప్తే ఇంటది. నడు, కాళ్లు పెట్టు.”

మా దూడ ఒక్కటి గూడ పోలే. అప్పట్నుంచి అమ్మకు ఫినాయిల్ అంటే తీర్థమే.

పెద్దగైనంక ఆ కొట్టం జాగలనే రేకుల గది కట్టి నేను పర్షియన్ పిల్లులను ఈనిచ్చి, పిల్లలను అమ్మేదాన్ని. కరోనా వచ్చినంక కొనేటోళ్లను గేటు దాటనియ్యలే, పిల్లలను ఫోన్లనే చూపిచ్చిన, గది చెప్పులు వేరే పెట్టిన, గిన్నెలు మరిగే నీళ్లల్ల వేసిన. పిల్లులు పాదాలు నాక్కుంటయి, ఫినాయిల్ వాటికి విషం అని అమ్మకు ఎన్నిసార్లు చెప్పిన్నో.

“ఊకో, నువ్వు పుట్టకముందు నుంచి పశువులను చూస్తున్న” అనేది.

ఒకనాడు మీర్‌పేట్ నుంచి ఒకాయన మాస్కు గడ్డం కిందికి గుంజుకొని, దగ్గుకుంట నేరుగ పిల్లుల గదిలకే పోయిండు. నేను ఆయనను బయటికి తోలి గేటు కాడ తిడుతుంటే, భయపడ్డ అమ్మ లోపల గదంత ఫినాయిల్ పోసి తుడిచింది. అప్పుడే ఈనిన తల్లి పిల్లి ముత్యం తడి నేల తొక్కింది, పాదాలు నాక్కుంది. సాయంత్రానికి చొంగ, వణుకు. డాక్టరు ఫోన్ల వెంటనే తెమ్మన్నడు. ఆటోల తీసుకపోతుంటే బొంగులూరు గూడ దాటలే, నా ఒళ్లనే చల్లబడ్డది.

ఇంటికొచ్చేసరికి గది మళ్లీ తడిగ ఉంది. ముత్యం చొంగ చూసి అమ్మ గాలికుంటు అసొంటి రోగమే అంటిందనుకుంది, పిల్లలను కాపాడాలని ఇంకింత చిక్కగ కలిపి, అవి పండే గంపను గూడ కడిగింది. కండ్లు తెరవని పిల్లలు. సబ్బునీళ్లతోని తుడిచి, చుక్క చుక్క పాలు పోసినా ఒక్కటీ దక్కలే. ఆఖరిదాన్ని అమ్మనే చీర కొంగుల పట్టుకొని తెల్లారేదాక కూర్చుంది.

ఇప్పుడు ఊళ్లె బర్రెలు లేవు, మేసిన చేన్లన్నీ ప్లాట్లైనయ్. దానికి ఏడ్చేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నా ఇంట్ల పోయింది వేరే. ప్రతి మాటకు నాతోని కొట్లాడిన అమ్మ నిన్న పొద్దున చీపురు పట్టుకొని నిలబడి అడిగింది:

“వాకిలి ఊడ్వనా బిడ్డా?”

ఊడువు అన్న.