మిషనత్త కుట్లు

వీధిలో అందరూ ఆమెను మిషనత్త అనేవారు. పెళ్ళికి ముందే, నలుగురికీ చేత్తో బట్టలు కుట్టిపెట్టిన సొంత సంపాదనతో కాలితో తొక్కే కుట్టుమిషను కొనుక్కున్న మనిషి. ఆమె భర్త చిత్రకారుడు. గోనెసంచులు, చిరిగిన పాతగుడ్డలు కలిపి గోడంత తెరలు చేసి, వాటి మీద రంగులు వేసి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. తర్వాత వచ్చిన కుర్రకారంతా ఆయన దారే పట్టింది. ఆ గుడ్డల్ని కలిపి కుట్టింది మాత్రం మిషనత్త. ఎక్కడ నల్లదారం వేయాలో, ఏ అతుకు వంకర తిరగాలో, అంతా ఆమె ఇష్టమే.

ఒకసారి పత్రికవాళ్ళు వచ్చి, "ఈ కుట్లు ఎవరు వేస్తారండీ?" అని అడిగారు. ఆయన నవ్వి, "అంతా నా చేతుల మీదే" అన్నాడు. వంటింట్లోంచి విన్న ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళు అటు వెళ్ళగానే నిలదీసింది.

"అదేం మాటండీ? సూదిలో దారం ఎక్కించడం వచ్చా మీకు?"

"ఇంట్లో సంగతులు పత్రికలకి చెప్పుకుంటామా ఏమిటే?"

ఆమె మిషను మీద దుప్పటి కప్పేసింది. ఆయన గుడ్డల్ని జిగురుతో అతికించి చూశాడు. ఆరగానే ఊడొచ్చాయి. చివరికి గుమ్మంలో నిలబడి, "తప్పయిందే" అన్నాడు. ఆమె మెత్తబడి మళ్ళీ మిషనెక్కింది. బయట మాత్రం ఆయన మాట మారలేదు.

ఆయన పోయాక అభిమానులు పనిగదిని ప్రదర్శనశాల చేశారు. అడిగితే మిషను కూడా ఇచ్చింది. ప్రారంభం రోజున వెళ్ళి చూస్తే దాని ముందు అట్ట: 'చిత్రకారుడు వాడిన కుట్టుమిషను.' వేదిక మీద ఓ విమర్శకుడు, ఆ కుట్లలో ఒంటరి మగవాడి వేదన ఉందని ఊగిపోతూ చెబుతున్నాడు.

మిషనత్త లేచింది. "బాబూ, ఆ వేదన నాది. నడుంనొప్పి కూడా నాదే."

జనం గొల్లుమన్నారు. ప్రదర్శనశాల కార్యదర్శి పరుగున వచ్చాడు. "అమ్మా, కూర్చోండి. తర్వాత మాట్లాడుకుందాం."

"ఇన్నేళ్ళూ కూర్చునే కుట్టాను నాయనా. ఇక నిలబడే మాట్లాడతా. అట్ట మారుస్తారా, మిషను పట్టుకుపోనా?"

"ఇప్పుడు మారిస్తే ఆయన పేరు..."

"ఆయన పేరుకేం, నిక్షేపంగా ఉంది. నా పేరు రాయడానికే మీకు చేతులు రావట్లేదు."

కూతురో వైపు, ఆటో డ్రైవరో వైపు పట్టుకుంటే మిషను ఇంటికొచ్చింది.

కొన్నాళ్ళకి కార్యదర్శి కొత్త అట్ట రాయించుకొచ్చాడు: 'సహకారం: చిత్రకారుడి భార్య.' ఆమె చదివి, దాన్ని మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది.

"నాన్న మీద ఇంకా కోపమేనా అమ్మా?" అతను వెళ్ళాక కూతురు అడిగింది.

"కోపమే. ఆయనుంటే మొహం మీదే కడిగేసేదాన్ని. ఆ అవకాశమూ లేకుండా పోయాడు, అదింకో కోపం" అంటూ ఆమె గోనెగుడ్డ పరిచింది. ఈసారి కుట్టేది తనకోసమే.