ఇసుక కింద మూడో బావి

మొన్న తంగళ్ళపల్లిలో పెళ్ళికని పోతూ, మానేరు వంతెన నడిమికి రాగానే మా షడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, ఆటో ఆపించి దిగి పిట్టగోడను చేత్తో నిమిరాడు. ఎప్పుడొచ్చినా అంతే. ఆ నిమరడం చూస్తే నాకు కడుపు మండుతుంది. డెబ్బై దాటినా ఆ మంట చల్లారలేదని మీ దగ్గర ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, మీ ఇళ్ళలోనూ ఇట్లాంటి చిన్నల్లుడు ఒకడు ఉండే ఉంటాడు.

ఆ వంతెన కట్టినప్పుడు ఇద్దరం ఒకే మేస్త్రి కింద పని చేశాం. నాది పునాది బావుల పని. ఏటి ఇసుకలో గుండ్రంగా కాంక్రీటు గోడ పోసి, లోపలికి దిగి ఇసుక తోడుతుంటే ఆ గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. గట్టి రాయి తగిలేదాకా పైన ఇంకో వరుస పోస్తూ, మళ్ళీ తోడుతూ ఉండాలి. మూడో బావి పక్కకు ఒరిగితే, ఎత్తున్న వైపు ఇసుక బస్తాలు పేర్చి, తూకపు గుండు పట్టుకుని పదకొండు రోజులు దాన్నే కనిపెట్టుకుని ఉండి నిటారుగా చేశాను. వానకాలం రాగానే ఏరు దాన్ని ఇసుకతో కప్పేసింది. ఆఖర్న వచ్చిన మా షడ్డకుడు పిట్టగోడ పోసి, నున్నగా రుద్ది, సున్నం కొట్టాడు.

వంతెన తెరిచిన రోజు కోరుట్ల నుంచి మా అత్త వచ్చి, ఆ గోడ మీద చెయ్యేసి, "మా చిన్నల్లుడు బ్రిడ్జి ఎంత మంచిగ కట్టిండు" అని పదిమందికీ చెప్పింది. అప్పటి నుంచి కోరుట్లలో ఏ దావతైనా మూలుగున్న నల్లి బొక్క ఆయన పళ్ళెంలోకే. పెద్దల్లుణ్ణైన నేను ముక్కల్లేని వట్టి షోర్వా కలుపుకుంటూ, ఇసుకంతా కొట్టుకుపోయి నా బావి ఒక్కసారి బయటపడితే బాగుండునని కోరుకునేవాణ్ణి. ఎంత పాడు బుద్ధో చూడండి.

మొన్న ఆయనే కిందికి వంగి చూసి నన్ను పిలిచాడు. "అన్నా, గిటు సూడే, నీ బావి కనవడుతున్నది. ఎంత సక్కగ దించినవే! నేను కట్టింది గోడనే, బ్రిడ్జి కట్టింది నువ్వే."

నలభై ఏళ్ళు ఎదురుచూసిన మాట అది. వంగి చూశాను. లారీలూ ట్రాక్టర్లూ ఇసుక ఎత్తుకుపోగా, మూడో బావి మొలలోతు బయటపడి, ఆనాటి సెంట్రింగ్ చెక్కల అచ్చులతో సహా నిలబడి ఉంది. ఆటోవాణ్ణి తొందరగా వంతెన దాటించమన్నాను. బావి దించినవాడికి తెలుసు, దాన్ని పట్టి నిలిపేది చుట్టూ ఉన్న ఇసుకేనని.

పెళ్ళిలో మా షడ్డకుడు వడ్డించేవాణ్ణి పిలిచి నల్లి బొక్క ముందు నాకే వేయించాడు గాని, నాకు రుచించలేదు. ఈ వానకాలం ఏరు ఎక్కడి నుంచైనా ఇంత ఇసుక తెచ్చి, నా పనిని మళ్ళీ ఎవరికీ కనబడకుండా కప్పేస్తే చాలు.