శామీర్‌పేట చెరువులో నిమ్మకాయంత గుండు

పొద్దున్న అయిదున్నరకి సుచిత్ర చౌరస్తాలో మేడ్చల్ బస్సెక్కాం, నేనూ మా పై ఫ్లాటు సుధా. ఆమె పనిచేసే చిన్న కంపెనీ ఒక సోనార్ తయారుచేసింది. అది నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చేపల్ని లెక్కపెడుతుంది. రెండేళ్ల పని. దాని కొలతలు సరైనవో కావో ఇవాళ శామీర్‌పేట చెరువులో తేలాలి, లేదంటే ఆపేయమన్నారు పైవాళ్లు. రిటైరైన సైన్సు మాస్టర్ని, చూడకుండా ఉండగలనా? వస్తానని వెంటపడ్డాను.

మేడ్చల్లో టీ తాగి, ఆరున్నరకి శామీర్‌పేట షేర్ ఆటో ఎక్కాం. సుధ డబ్బా మూత తీసి నాకు చూపిస్తుంటే, కూరగాయల గంపతో ఉన్న అవ్వ తొంగిచూసింది. లోపల నిమ్మకాయంత లోహపు గుండు.

"గిదేంది బిడ్డా?"

"మిషన్‌కి పరీక్ష అవ్వా. ఈ గుండు ప్రతిధ్వని ఎంతో ముందే తెలుసు. మిషన్ కూడా అంతే చూపించాలి."

"చూపియ్యకుంటె?"

"నా ఉద్యోగం పోతుంది," అంది సుధ నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఏడున్నరకి పడవెక్కాం. సోనార్‌ని ముందురోజే తెచ్చి పడవకి బిగించారు. పదింటికి గాలి లేస్తే ఇక పని సాగదట. ప్రతిధ్వనిని చెడగొట్టే గాలిబుడగలు అంటుకోకుండా సుధ గుండుని సబ్బునీళ్లలో ముంచి, మూడు గాలపు దారాలకి కట్టి, లాప్‌టాప్ వైపు తిరిగింది.

ఇక్కడే నా ఘనకార్యం చెప్పాలి. పడవ నడిపే మల్లేశ్ హనుమంతుడి గుడి నుంచి తెచ్చిన నూనె సింధూరంతో పడవకి బొట్టు పెట్టాడు. "కొత్త సామాన్ గద సారూ, గుండుకు గూడ వెట్టుర్రి," అన్నాడు. మా ఇంట్లో కొత్త మిక్సీకైనా బొట్టు పెట్టందే స్విచ్చి వెయ్యం. గట్టిగా అద్ది మరీ పెట్టాను. సుధ అది చూడకుండానే దారాలు పట్టుకుని గుండుని నీళ్లలోకి దించేసింది.

అంకె కుదరలేదు. వైర్లు చూసింది, నీటి వేడిని మూడుసార్లు కొలిచింది. తొమ్మిదిన్నర దాటింది, ఆమె మళ్ళీ మొదటి వైరు నుంచి చూడటం మొదలుపెట్టింది. నాకు బొట్టు మీద అనుమానం వచ్చి అరగంటైంది, సిగ్గుపడి నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాను.

"చెప్పుర్రి సారూ," అన్నాడు మల్లేశ్ మెల్లగా. "మేడం మస్తు పరేషాన్ అయితాంది."

"సుధా, గుండుకి బొట్టు పెట్టాను," అన్నాను.

"మీరా మాస్టారూ?" అంది.

పైకి లాగితే సింధూరం చుట్టూ సన్నటి బుడగలు. సబ్బుతో తోమి మళ్ళీ దించింది. పది కావస్తుండగా అంకె కుదిరింది. సుధ పడవలో కూలబడి ఏడ్చేసింది.

పన్నెండింటికి మేడ్చల్ ఆటోలో అంది: "మీరు చెప్పకపోతే తేడా మిషన్‌దే అనుకుని, దాన్ని ఆ తప్పు అంకెకి తగ్గట్టు సరిదిద్దేదాన్ని మాస్టారూ. ఇక ఏ చెరువులో లెక్కపెట్టినా తప్పే వచ్చేది."

ఒళ్లో నోట్‌బుక్ తెరిచి, మొదటి కొలతల పక్కన కారణం రాస్తోంది. ఆ పేజీ తీసేయొచ్చుగా అన్నాను.

"అయ్యో, అసలు దాచుకోవాల్సిన పేజీ ఇదే కదండీ," అంది.

ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను నేను. ప్రయోగం తప్పిన పిల్లల చేత ఆ పేజీ చింపించి, మళ్ళీ కొత్తగా రాయించేవాణ్ణి.