నాలుగో విడతలో నా పెళ్లి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కొత్త ఉద్యోగం, కొత్త వయసు. హిందూపురంలో ఒక కేబుల్ చానల్‌కు వార్తలు చదివేవాణ్ని. నాలుగు చర్చలు వినేసరికి పార్లమెంటు ఎన్నికల తేదీలు ఢిల్లీవాళ్లు నన్నడిగే పెడతారన్నంత ధీమా వచ్చింది. సరిగ్గా అప్పుడే నా పెళ్లి కుదిరింది. అమ్మాయిది పెనుకొండ, సర్కారు బడిలో టీచరు. టీచరంటే ఎన్నికల డ్యూటీ తప్పదు. కాబోయే మామ భయం అదే.

"ఏమబ్బా, ఓట్ల తేదీ ఇంకా చెప్పనే లేదు. ముహూర్తం దానిమీద పడితే ఏం జేసేది?" అన్నాడు. నేను వార్తలు చదివే గొంతు తీశాను. పిల్లల పరీక్షలు అయిపోవాలి, పండగలు అడ్డం రాకూడదు, బందోబస్తు బలగాలు ఒకచోట ముగించుకుని ఇంకోచోటికి పోవాలి, అందుకే విడతలు విడతలుగా పెడతారని వివరించి, "పోయినసారి మనది మొదటి విడత. ఈసారీ అంతే మామా, ఏప్రిల్‌లోనే అయిపోతుంది. ముహూర్తం మే నెలలో పెట్టండి, నాది పూచీ" అన్నాను. (అమ్మాయి తలుపు పక్కనుంచి అదోలా చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాను.)

శుభలేఖలు పంచేశాం. ధర్మవరంలో మా ఇంట్లో నాయన మగ్గం మీద పెళ్లిచీర సగానికొచ్చింది. అప్పుడొచ్చింది టీవీలో షెడ్యూలు ప్రకటన. మామ కూడా వచ్చి మా నడవలో కూర్చున్నాడు. మొదటి విడతలో మన రాష్ట్రం లేదు. రెండులో లేదు. మూడులోనూ లేదు! నాయన మగ్గం ఆపేశాడు. నాలుగో విడత, మన రాష్ట్రం! తేదీ చూస్తే మా ముహూర్తం రోజే!

"నీ పూచీ సంగతి ఢిల్లీవాళ్లకు తెలీనట్టుండాది" అన్నాడు మామ. "తాళి యాడ కట్టిస్తావప్పా, పోలింగ్ బూతులోనా?"

శుభలేఖ చూపిస్తే డ్యూటీ తప్పిస్తారని ఎవరో అన్నారు. ఎగిరి గంతేసి అమ్మాయికి ఫోన్ చేశాను. "నేను తప్పుకుంటే ఇంకొకర్ని ఏస్తారు. వాళ్లింట్లో ఏం పనుండాదో ఏమో! ఓట్లయినాక చేసుకుందాం. ముహూర్తం చెప్పినోరు మీరే గదా, మారిందని ఊరూరా చెప్పుకొచ్చేదీ మీరే" అంది. అగళి నుంచి తాడిమర్రి దాకా ఎండలో మోటారు సైకిలు మీద తిరిగాను. ప్రతి గడపలోనూ నవ్వులే.

పోలింగ్ రోజు ధర్మవరంలో ఓటుకు వెళితే, సిరా సీసా ముందు కూర్చున్నది ఆమే! (ఎవరి డ్యూటీ ఎక్కడో కంప్యూటరు తేలుస్తుందట. ఆ కంప్యూటరు చల్లగా ఉండాలి.) నా ఎడమచేయి పట్టుకుంది. ఒళ్లంతా ఝల్లుమంది. "కదలాకండి, గీత వంకరబోతాది" అంది తల ఎత్తకుండా. వెనకనున్న వరసంతా గొల్లుమంది.

ఆ తర్వాత వారం తిరక్కుండానే పెళ్లయింది. ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దుగానూ ఉంటుంది. ఆమె మొదటిసారి నా చేయి పట్టుకునే రోజును ఎవరో ఢిల్లీలో కూర్చుని నిర్ణయించారు. ముందే తెలిసుంటే ఇస్త్రీ చొక్కా వేసుకెళ్లేవాణ్ని.