మొగుడి రక్తం పడలేదు

ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి చాటుగా చిటపట మేడం అనేవారు. రక్తనిధిలో టెక్నీషియను. కిటికీలోంచి తొంగిచూసి "ఇంకెంతసేపు?" అంటే చాలు, కస్సుమనేది. ఆ రోజు అలా తొంగిచూసింది స్వయానా చెల్లెలి మొగుడు. బస్సు డ్రైవరు.

చెల్లెలికి గర్భసంచి ఆపరేషను. నెలల తరబడి రక్తం పోయి మనిషి పాలిపోయింది. రక్తం ఎక్కిస్తేగాని కత్తి పట్టనన్నాడు డాక్టరు.

"వదినా, మా ఇద్దరిదీ ఒకటే గ్రూపు. నాది తీసుకో," అంటూ అతను చొక్కా చెయ్యి మడిచాడు.

"గ్రూపు కలిస్తే సరిపోదు మరిదీ. కూర్చో."

చెల్లెలి రక్తంలో పైకి తేరిన పసుప్పచ్చటి సీరం తీసి, అతని ఎర్రకణాలు కలిపింది. ఒంటి వేడిలో కాసేపు ఉంచి, కడిగి, మందు చుక్క వేసి యంత్రంలో గిర్రున తిప్పింది. గాజునాళిక కదిపితే కణాలు విడిపోలేదు. ఉండలు కట్టాయి.

"యాంటీబాడీలున్నాయి. నీ రక్తం దానికి పడదు."

మరిది మొహం జేవురించింది. "నా పెళ్ళానికి నా రక్తం పడదా? ముగ్గురు పిల్లలు పుట్టాక చెప్తున్నావా? నేనంటే నీకు మొదట్నుంచీ గిట్టదు!"

"పిల్లలు పుట్టినందుకే! వాళ్ళకొచ్చింది నీ రక్తగుణం. కాన్పుల్లో వాళ్ళ రక్తం దీని ఒంట్లో కలిసింది. ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు నీది ఎక్కిస్తే కిడ్నీలు పోతాయి. ఇంకో మాటన్నావంటే గెంటిస్తా!"

అతను తలుపు ధడాలున వేసి వార్డుకెళ్ళాడు, పెళ్ళానికి ఫిర్యాదు చెయ్యడానికి. వెనకే ఈవిడా వెళ్ళింది. ఇద్దరూ మంచానికి చెరోవైపు నిలబడి అరుచుకుంటుంటే చెల్లెలు మోచేతిమీద లేచింది.

"నోరు ముయ్యండిద్దరూ!" అని మొగుడివైపు తిరిగింది. "రక్తం పోతోందని నెత్తీనోరూ కొట్టుకుంటే, 'ఆడవాళ్ళకి మామూలే' అన్నావు. ఇవాళ చొక్కా చెయ్యి మడిచి గొప్పవాడివైపోదామనా? అక్కా, నువ్వూ అంతే. ఊళ్ళోవాళ్ళందరి రక్తం చూస్తావు. ఒక్కసారి నా మొహం చూశావా?"



అక్క వెనక్కొచ్చి ఫ్రిజ్‌లోని రక్తపు సంచులు ఒక్కొక్కటీ పరీక్షించింది. చాలావాటితో ఉండలే. ఎట్టకేలకు రెండు సంచుల కణాలు నున్నగా జారాయి.

ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికి పంపేరోజు, "ఏ ఆసుపత్రికెళ్ళినా ఇది చూపించు," అని అక్క, ఏ రక్తం పడదో రాసిన యాంటీబాడీ కార్డు చేతిలో పెట్టింది. చెల్లెలు తీసుకుంది గానీ పలకలేదు. మొగుడు సాయం పట్టబోతే చెయ్యి విదిలించుకొని, గోడ పట్టుకొని మెట్లు దిగింది. అక్కాచెల్లెళ్ళు మళ్ళీ మాట్లాడుకునేసరికి ఎండలు పోయి వానలు పడ్డాయి.