ఇస్త్రీ హాల్లో ఈల

పెంచిన మామ మెడలో ఈల తెంపిన మహాతల్లి అని ఆమెకు పేరు. చొక్కాల ఫ్యాక్టరీలో ఏ బల్ల దగ్గర నిలబడినా ఈ కథే వినిపిస్తుంది. "తల్లి పోతే తెచ్చి సాకాడు, చదివించాడు, ఇదే కంపెనీలో హెచ్‌ఆర్ ఉద్యోగం వేయించాడు. ఆయన్ని దింపడానికి హాళ్లు మార్చే పన్నాగం పన్నింది చూడు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే" అంటారు. అలా అనేవాళ్లలో ఆ ఈలకు చెవులు మూసుకుని బతికినవాళ్లూ ఉన్నారు.

ఆమెకు ఇంకో పేరు ఎందుకమ్మ. పని మానేసి పోయే ప్రతి మనిషినీ గేటు దగ్గర ఆపి "ఎందుకమ్మా?" అని అడుగుతుంది మరి. ఒంట్లో బాగాలేదని ఒకరు, ఇంట్లో ఒప్పుకోవడం లేదని ఒకరు చెప్పేవారు. చెబుతూ చెబుతూ ఆమె భుజం మీదుగా ఇస్త్రీ హాలు వైపు ఓ చూపు పారేసేవారు. ఆమె ఎవరి మేనకోడలో వాళ్లకు తెలియదా?

మానేసేవాళ్లలో సగానికి పైగా ఇస్త్రీ హాలువాళ్లే. అక్కడ సూపర్‌వైజర్ మామయ్య. చెయ్యి కాస్త నెమ్మదిస్తే చెవి పక్కనే ఈల ఊదేవాడు. బాత్‌రూమ్‌కు వెళితే తలుపు బయట నిలబడి చప్పట్లు కొట్టేవాడు. "వేడికి తట్టుకోలేక పోతున్నారు, సుకుమారాలు!" అని ఆయన తీర్పు. యజమాని అది నమ్మి పెద్ద ఫ్యాన్లు పెట్టించాడు. చొక్కాల మడతల్లో పెట్టే కాగితాలు ఎగిరాయే గానీ మనుషులు ఆగలేదు. మంచినీళ్ల కూలర్ తెప్పించాడు. నీళ్లు తాగి మరీ వెళ్లిపోయారు.

చివరికి యజమాని తన గదిలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

"నీకేమనిపిస్తోందమ్మా?" అని ఆమెను అడిగాడు.

"నాకు అనిపించినదాంతో పనేముందండీ. కారణం వేడా, మనిషా అన్నది తేలాలి. మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి అడుగుతాను."

"మనిషా? అంటే నేనేగా!" మామయ్య కుర్చీ కీచుమంది. "నా ఇంట్లో అన్నం తిని నామీదే విచారణా?"

ఆ గదిలోంచి ఒక నిర్ణయం బయటికొచ్చింది. ఇస్త్రీ హాలు సూపర్‌వైజరూ కుట్టు హాలు సూపర్‌వైజరూ కొన్నాళ్లు ఒకరి చోటుకు ఒకరు వెళ్లాలి. నిజంగా వేడే కారణమైతే, మామయ్య లేకపోయినా ఇస్త్రీ హాలు ఖాళీ అవుతూనే ఉండాలి. ఎండలు ముదిరినప్పుడే ఈ మార్పిడి జరగాలని ఆమె పట్టుబట్టింది. చల్లబడ్డాక చేస్తే వేడి మీద అనుమానం అలాగే మిగిలిపోతుంది. వేడే కారణమని తేలాలని లోలోపల కోరుకుంది కూడా. తేలకపోతే తనకు మిగిలిన ఒకే ఒక్క పుట్టింటి గడప మూసుకుపోతుంది.

ఎండలు ముదిరాయి. ఇస్త్రీ హాలు ఆవిరితో కుతకుతలాడింది. చెమటలు కక్కుతూనే అందరూ నిలిచారు. ఒక మూల నుంచి కూనిరాగం కూడా వినిపించింది. కుట్టు హాల్లో కిటికీలున్నాయి, గాలి ఉంది, కూర్చుని చేసే పని. అయినా ఈల మోగిన వారానికే మిషన్లు ఒకటొకటిగా మూగబోయాయి.

"ఎందుకమ్మా?" అంటే గేటు దగ్గర ఒకావిడ ఉమ్మేసినంత పని చేసింది. "మీ మామయ్యను అడగండి మేడమ్. నేను బాత్‌రూమ్‌లో ఎంతసేపున్నానో ఆయనకే బాగా తెలుసు!"

ఆమె చూసింది చూసినట్టు యజమానికి చెప్పింది.

"సొంత మామ. ఇంకోసారి ఆలోచించుకో" అన్నాడాయన.

"ఆలోచించడానికి ఇంకేం లేదండీ."

మామయ్యను గోడౌన్‌కు మార్చారు. అక్కడ ఆయన కింద బట్టల తానులే తప్ప మనుషులుండరు. జీతం తగ్గించలేదు. ఈల తీసుకున్నారు.

సెలవు రోజున ఆమె ఆ ఇంటికి వెళ్లింది. అత్తయ్య తలుపుకు అడ్డంగా నిలబడింది.

"వచ్చావా తల్లీ? ఇంకేం మార్చాలి? నా పొయ్యి మీది గిన్నెలు కూడా మార్చి చూస్తావా, ఏది మాడుతుందో?"

"లోపలికి రానివ్వు అత్తయ్యా."

"పాముకు పాలు పోశాం. అసలు ఆ హాళ్లు మార్చే దిక్కుమాలిన ఆలోచన నీకెలా పుట్టిందే?"

అత్తయ్య వెనకాల మామయ్య పేపరు చదువుతున్నాడు. ఆ మాటకు పేపరు కిందికి దిగలేదు. ఆమె ఆ పేపరు వైపు చెయ్యి చూపించింది.

"ఆయన్నే అడుగు" అంది.

"ఆయన్నేం అడిగేది? నోరెత్తే మనిషా ఆయన!" తలుపు ఆమె మొహం మీదే పడింది.

నోరెత్తే మనిషే. ఆ రోజు యజమాని గదిలో బల్ల గుద్ది, "పారిపోయినవాళ్ల ఏడుపు సాక్ష్యమా? నన్ను కుట్టు హాల్లో వేసి చూడండి, ఒక్కరు కదిలితే అప్పుడడగండి" అని హాళ్ల మార్పిడి అడిగింది మామయ్యే.