డీలియా ఊపిరి

మా డీలియా గాఖన్ ఒకసారి ఊదితే బిషప్పుగారి జలుబు ఆయన్ని వదిలి, గుమ్మం ముందు కట్టేసిన గాడిదకి పట్టుకుంది. ఈస్టర్ దాకా గాడిద తుమ్ముతూనే ఉంది. సరే, గాడిద నేను కలిపిందే. ఆయన బిషప్పు కూడా కాకపోవచ్చు, బిషప్పుగారి డ్రైవరేమో. ఊదడం మాత్రం నిజం.

డీలియా తల్లి కడుపులో ఉండగానే వాళ్ళ నాన్న పడవతో సహా మునిగిపోయాడు. తండ్రి ముఖం చూడని బిడ్డ ఊపిరికి పసిపిల్లల జబ్బు తీసే గుణం ఉంటుందని మా మేయో తీరంలో అందరికీ తెలుసు. ఆ గుణం ఉన్నవాళ్ళు, అడిగితే కాదనకూడదు. నయం చేయించుకున్నవాళ్ళు థాంక్స్ చెప్పకూడదు. చెప్తే పోయిన జబ్బు తిరిగొస్తుంది. అందుకే తల్లులు ముక్కు దిబ్బడేసిన పిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్ళో పడేసేవాళ్ళు, బాగవగానే మారుమాట లేకుండా ఎత్తుకుపోయేవాళ్ళు. డీలియాకి పెళ్ళి కాలేదు. ఊరందరి చీమిడీ ఆమెదే.

ఒక శీతాకాలం ఫాదర్ కాన్రాయ్ ఒక పసివాణ్ణి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తల్లి పెంచుకోలేని బిడ్డ. దూరాన కార్క్ పట్నం నుంచి ట్వోమీ దంపతులు వచ్చి పెంపకానికి తీసుకుపోతారు, అందాకా చూడమన్నాడు. వాళ్ళ రాక వసంతం దాకా సాగింది. ఈలోగా డీలియా వాడికి ఫినన్ అని పేరు పెట్టేసుకుంది.

తీరా ట్వోమీల కారు వచ్చే వారంలో వాడికి జలుబు చేసింది. నేను పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డలు దింపడానికి వెళ్తే, వాణ్ణి భుజాన నిలువుగా వేసుకుని కెటిల్ ఆవిరి దగ్గర తిరుగుతోంది. ఛాతీకి బాతుకొవ్వు రాసి ఉన్ని గుడ్డ చుట్టింది. ముక్కుతోనే ఏదో కూనిరాగం.

"ఊదలేదేం?" అన్నాను.

"జలుబుతో ఉన్న బిడ్డని అంత దూరం పంపనని ఫాదరే అన్నాడు."

"అయితే?"

"అయితే నీ గడ్డలు నువ్వు దింపుకో. అసలే పెద్ద ముక్కు, ఇందులో దూర్చకు."

బిడ్డకి హాయిగా ఉండాలి. జలుబు మాత్రం పోకూడదు. ఆవిడ అవస్థ అది.

శనివారం కారు రానే వచ్చింది. మిసెస్ ట్వోమీ మంచి మనిషే. వాడి గురక విని, "పోనీ, తగ్గాకే వస్తాం" అంది. డీలియా ముఖం వెలిగింది. అంతలో వాడు పాలసీసా నోట పెట్టుకుని, ఊపిరాడక వదిలేసి, నీలంగా కమిలి ఏడ్చాడు.

"మీకు వైద్యం తెలుసని ఫాదర్ చెప్పారు. వీడికి కాస్త చూడండమ్మా," అంది మిసెస్ ట్వోమీ.

అడిగేసింది. డీలియా నా వైపు చూసింది. నేను బూట్లు చూసుకున్నాను.

ఆవిడ వాడి ముక్కుకి నోరు ఆనించి చీమిడి పీల్చి ఉమ్మేసింది. తర్వాత మెల్లగా వాడి ముఖం మీద ఊదింది, ఊదుతూనే ఉంది. ఆ ఊదడంలో ఎన్ని ముద్దులు కలిశాయో ఎవరు చెప్పగలరు? వాడు పాలన్నీ తాగి నిద్రపోయాడు.

"థాంక్యూ డీలియా, మీ మేలు మరిచిపోను," అంది మిసెస్ ట్వోమీ, వాణ్ణి అందుకుంటూ.

అనకూడని మాట అనేసింది. ఎవరైనా ఆ మాట ఎత్తబోతేనే కసిరి నోరు మూయించే డీలియా, "పరవాలేదమ్మా" అంది తియ్యగా.

కారు వెళ్ళాక కెటిల్ మళ్ళీ పొయ్యెక్కించి గేటు దగ్గర నిలబడింది.

"లోపలికి రావే, వాన!" అన్నాను.

"జలుబు తిరగబెడుతుంది. దారిలోంచే వెనక్కి తిప్పుతారు."

ఆ వారమంతా ఆ ఇంట్లో కెటిల్ కాగుతూనే ఉంది. చివరికి ఫాదర్ సైకిలు మీద వచ్చి చెప్పాడు, బిడ్డ కులాసాగా ఉన్నాడని.

"తుమ్మలేదా ఫాదర్? ఒక్కసారైనా?"

"లేదు డీలియా."

ఆవిడ లోపలికెళ్ళి కెటిల్ దించింది. ఆ తర్వాత ఎవరు బిడ్డని తెచ్చినా, ఆ గుణం తనని వదిలిపోయిందని చెప్పి పంపేసేది.

మొన్న ఇదంతా రాసి చదివి వినిపిస్తే డీలియా అల్లిక ఆపకుండానే విని, "కాన్వెంటులో అబద్ధాలాడావని సిస్టర్లు నీ నాలుకకి సబ్బు రాసింది ఊరికే కాదు," అంది. "ఫాదర్ మా ఇంటికి ఏ బిడ్డనీ తేలేదు. కార్క్ నుంచి కారూ రాలేదు. ఫినన్ మా నాన్న పేరు. నేనది ఎవ్వరికీ పెట్టలేదు."